బడిచూపులు

దసరా సెలవులు పూర్తిగా అయిపోకముందే మా నిజాంపేట రోడ్డులో కరెంటు స్తంభాలన్నిటి మీదా టైలు కట్టుకున్న పిల్లలు ప్రత్యక్షమవుతారు. ‘అడ్మిషన్స్ ఓపెన్’. ఫ్లెక్సీలో ఆడపిల్ల ఎప్పుడూ మైక్రోస్కోపులోకి తొంగి చూస్తుంటుంది, మగపిల్లాడు గ్లోబు తిప్పుతుంటాడు. ఇద్దరూ మన పక్క పిల్లలు కారని చూడగానే తెలిసిపోతుంది. ఎవరో ఎక్కడో తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలవి. పక్కపక్క స్తంభాల మీద రెండు వేర్వేరు బళ్ళ ఫ్లెక్సీల్లో ఒకే పాప ఒకే మైక్రోస్కోపులోకి చూస్తుండగా నేను చూశాను. చివరికి ఆ పిల్ల ఏ బళ్ళో చేరిందో మరి.

పేర్లకు కరువు లేదు. టెక్నో, ఈ-టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, గ్లోబల్, వరల్డ్. ‘ఇంటర్నేషనల్’ అని రాసుకున్న ఒక బడి మా సందు చివర కూరగాయల మార్కెట్ పైన మొదటి అంతస్తులో ఉంది. మా సూర్యాపేట వైపు ఈ బాధ లేదు. ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఏదైనా కాన్వెంటే. మచ్చుకి ఒక్క సిస్టరమ్మ కూడా కనపడకపోయినా, పెంకుటింట్లో నడుస్తున్నా, కరస్పాండెంటు ఎరువుల దుకాణం ఓనరే అయినా కాన్వెంటే.

మా పాపకు జూన్‌కి ఆరు నిండుతాయి. ఇన్నాళ్ళూ వెళ్ళిన ప్లేస్కూలు యూకేజీతో ఆగిపోతుంది కాబట్టి ఒకటో తరగతికి బడి వెతకాలి. “నువ్వు చూసి చెప్పు, నీకే బాగా తెలుస్తుంది” అన్నాడు మా ఆయన. సంసారంలో ఈ మాట ఎంత గౌరవంగా వినపడుతుందో అంత పని నెత్తిన పెడుతుంది. సరే, శనివారం పాపకి తల దువ్వి, కొత్త గౌను వేసి బయల్దేరాను.

మొదటి బడి రిసెప్షన్ చల్లగా ఉంది. ఎదురుగా గోడనిండా ర్యాంకుల ఫొటోలు. ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చినవాళ్ళకి జేఈఈ ర్యాంకులు ఎందుకో అర్థం కాలేదు. ఆ పిల్లలు చదివింది ఇదే యాజమాన్యం వాళ్ళ జూనియర్ కాలేజీలో, ఇంకో ఊళ్ళో. కౌన్సెలర్ అని ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. నవ్వు మొహం, మెళ్ళో ఐడీ కార్డు. “మీరు, సార్, ఇద్దరూ వర్కింగేనా మేడమ్?” అని మొదలుపెట్టింది. సొంత ఇల్లేనా, పాప ఇంట్లో ఏ లాంగ్వేజ్ మాట్లాడుతుంది, ఇద్దరి క్వాలిఫికేషన్లు ఏంటి, ఏడాది ఆదాయం ఎంత. ఫారం చివర నాలుగు గీతలు గీసి ‘మా స్కూలునే ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగారు. అప్పటికి నేను చూసింది సోఫా ఒక్కటే.

పెళ్ళిచూపులకు వెళ్ళి మనమే పీటల మీద కూర్చున్నట్టయింది. అబ్బాయి ఏం చేస్తాడని మనం అడగాల్సిన చోట, మీరెంత పెట్టుకోగలరని వాళ్ళు అడుగుతున్నారు. నిజానికి ఈ తంతు అంతా చట్టం వద్దన్నదే. 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ ఉంది: బళ్ళో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఎలాంటి వడపోతా పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల వరకు జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు. డొనేషన్ తీసుకుంటే దానికి పదింతల దాకా. ఆ బళ్ళో ఒకటో తరగతి అడ్మిషన్ ఫీజే మొదటిసారి జరిమానా కన్నా ఎక్కువ. అందుకని వాళ్ళు దాన్ని పరీక్ష అనరు, ‘ఇంటరాక్షన్’ అంటారు.

డబ్బు పెట్టి చదివించే బడి హైదరాబాదుకు కొత్త కాదులెండి. అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. బేగంపేటలో ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా ఉన్నది 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ. వాళ్ళ వడపోతలో దాపరికం లేదు. జాగీరు ఉంటే రావచ్చు, లేకపోతే లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇప్పుడు జాగీరు అక్కర్లేదు, ఇద్దరి జీతాలు ఉంటే చాలు. ఆ ‘ఇద్దరూ వర్కింగేనా’లో ఇంత చరిత్ర ఉంది.

ఇంటరాక్షన్‌కి పాపని లోపలికి తీసుకెళ్ళారు, నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఒక మేడమ్ రంగురంగుల చెక్కముక్కలు బల్ల మీద పోసి ఎర్రవి ఎన్ని అంది. పాప లెక్కపెట్టలేదు. ఎర్రవీ పచ్చవీ కలిపి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, “ఇవి ఇంటికి తీసుకెళ్ళచ్చా?” అని అడిగింది. మేడమ్ కాగితం మీద ఏదో టిక్కు కొట్టింది. అది మంచి టిక్కో చెడ్డ టిక్కో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత బడి చూపించడం. స్మార్ట్ బోర్డు, ఏసీ క్లాసురూము, రోబోటిక్స్ ల్యాబు, స్కేటింగ్ రింకు. అన్నిటికీ తలూపుకుంటూ నడిచాను గానీ స్విమ్మింగ్ పూల్ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. నడుము లోతు కూడా లేదు, పిల్లల కొలను. నీలం టైల్సు, అంచున తాడు, తాడుకి తెల్లటి బెండ్లు. మా ఊళ్ళో మా అన్నయ్యలిద్దరూ వ్యవసాయ బావిలో వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నారు. నేను గట్టున కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా కాశాను. ఆడపిల్లలు దిగకూడదు, అంతే. ఎందుకని అడిగిన గుర్తు కూడా లేదు. ఇప్పుడీ బారెడు నీళ్ళ ముందు నిలబడి, ఫీజు ఎంతైనా ఇవ్వచ్చేమో అనుకుంటున్నాను. మా పాపేమో నీళ్ళ వైపు చూడనే లేదు. పక్కన పైపు కట్టిన క్లిప్పు ఊడి నీళ్ళు చిమ్ముతుంటే దాని కింద చెయ్యి పెట్టి ఆడుకుంటోంది.

కౌన్సెలర్ అమ్మాయి నన్ను గమనించింది. అప్పటిదాకా పాపకి ఏం వస్తాయి, ఏం రావు అని అడుగుతున్న మనిషి, “గర్ల్స్‌కి సెపరేట్ బ్యాచ్, లేడీ కోచ్ మేడమ్” అంది. ఆ మాట పాపకి చెప్పింది కాదు. ఆ అమ్మాయి పని ఆ అమ్మాయికి బాగా వచ్చు. ఈ బళ్ళన్నీ అమ్మేది పిల్లలకు కావలసింది కాదు, మనకు దక్కనిది. ఎదురుగా ఉన్న అమ్మకు చిన్నప్పుడు ఏది తక్కువైందో కనిపెడితే సగం అడ్మిషన్ అయిపోయినట్టే.

నాలాంటి వాళ్ళకు తక్కువైంది ఏంటో కనిపెట్టడం కష్టం కూడా కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి డిగ్రీ బీజెడ్‌సీకి వచ్చినదాన్ని. జువాలజీ ప్రాక్టికల్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మూత్రపిండం గురించి ఇంగ్లీషులో అడిగారు. జవాబు నాకు తెలుసు. నోరు పెగల్లేదు. ఆయన రెండోసారి అడిగితే కాగితం లాక్కుని నెఫ్రాన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, ఆయన ముందుకు తోశాను. ఆయన బొమ్మ చూశారు, నన్ను చూశారు, మార్కులు వేశారు. మార్కులు ఎన్నో మర్చిపోయాను గానీ ఆ కాగితం తోసిన చెయ్యి వణకడం మర్చిపోలేదు. అందుకే తర్వాతి తలుపు మీద ‘ఫోనిక్స్ ల్యాబ్’ అని కనపడగానే, లోపల ఉన్నవి పది హెడ్‌ఫోన్లే అయినా, నా గుండె లబలబలాడింది. ఆ గదిలో మా పాప హెడ్‌ఫోన్ తీగ ముడి విప్పే పనిలో పడింది.

క్లాసురూములో మాత్రం కాస్త తెలివి తెచ్చుకున్నాను. “మా దగ్గర టీచర్, స్టూడెంట్ రేషియో 1:20 మేడమ్” అంటుంటే కుర్చీలు లెక్కపెట్టాను. ముప్పై ఆరు. అదేంటని అడిగితే, లైబ్రేరియన్‌ని, పీటీ సార్‌ని, డాన్స్ టీచర్‌ని, మ్యూజిక్ మేడమ్‌ని అందరినీ కలిపి భాగిస్తారట. చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా 30 మందికి ఒక టీచరు ఉండాలి. డాన్సు మేడమ్‌ని కలిపితే ఎవరికైనా లెక్క కుదురుతుంది.

ఇంతలో పాప నా చున్నీ లాగి, “అమ్మా, ఒకటికి” అంది.

దాంతో మేం చూడాల్సిన దారి వదిలి చూడకూడని దారిలోకి వెళ్ళాం. కౌన్సెలర్ కాస్త తడబడి, “రిసెప్షన్ పక్కన గెస్ట్ వాష్‌రూమ్ ఉంది మేడమ్” అంది గానీ, అంత దూరం ఆగే వ్యవహారం కాదది. మెట్ల కింది నుంచి వెనకవైపు తిరిగితే ప్రైమరీ పిల్లల బాత్రూములు. ఫినాయిల్ వాసన, తడి నేల. ఒక తలుపుకి గడియ లేదు. ఇంకో తలుపుకి ఉంది గానీ ఆరేళ్ళ పిల్ల చేతికి అందదు. నల్లా బాగుంది, మగ్గు లేదు. ఒక ఆయమ్మ పరుగున వచ్చి మగ్గు తెచ్చింది, పాప చెప్పు బెల్టు ఊడితే వంగి పెట్టింది. “ఏం పేరు బిడ్డా? ఒకటికొస్తే చెప్తవా, ఊకుంటవా?” అని అడిగింది. గంట నుంచి పాపని అడిగిన ప్రశ్నలన్నిటిలో జూన్‌లో నిజంగా పనికొచ్చేది ఇదొక్కటే.

“ఎన్నాళ్ళ నుంచి ఉన్నవమ్మా?” అన్నాను.

“ఆరేండ్లాయె. నేనే పాత. టీచర్లు ఏడాదికేడాది మారుతరు.”

“మీ పిల్లలు ఇక్కడేనా?”

ఆమె నవ్వింది. “సర్కార్ బడి.”

ప్రైవేటు బళ్ళు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని అదే విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. గోడ మీద ఎన్నో అంకెలున్నాయి, ఆ అంకె మాత్రం ఎక్కడా లేదు.

బాత్రూము పక్కనే స్టాఫ్‌రూము. తలుపు సగం తీసి ఉంది. బల్ల మీద నోటుబుక్కుల దొంతరలు, వాటి మధ్య ఒక మేడమ్ నిలబడే టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తింటూ ఇంకో చేత్తో ఎర్ర పెన్నుతో టిక్కులు పెడుతోంది. కూర్చునే తీరిక లేదు. వసూలు చేసిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి ఒకటో తేదీన జీవో నంబర్ 1 ఇచ్చారు. బడి ఎలాంటిదో తెలియాలంటే ఆ సగం సంగతి అడగాలి. నేను అడగలేదు, ఏ తల్లీ అడగదు. మన పిల్ల టీచరు జీతం గురించి అడగడం మనకు మర్యాద కాదనిపిస్తుంది, స్విమ్మింగ్ పూల్ లోతు అడగడం మర్యాదే.

పోయిన మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒకావిడ మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఏదో బడి కరపత్రాలు, నుదుటి మీద చెమటకి బొట్టు కరిగింది. మంచినీళ్ళు ఇచ్చి ఏం చెప్తారండీ అని అడిగితే, “ఫిజికల్ సైన్సండీ. ఈ నెల మాత్రం అడ్మిషన్లు” అంది. పదిమందిని చేర్పిస్తే తప్ప మే జీతం చేతికి రాదట. మాట్లాడుతూనే పక్క ఫ్లాటు బెల్లు నొక్కింది. మన పిల్లలకు న్యూటన్ సూత్రం చెప్పే మనిషి ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి పిల్లల్ని పోగుచెయ్యాలి. ఆ నెల రోజుల అవమానం జూన్ 12న బడి తెరిచేసరికి మాయమైపోతుందా?

ఫీజుల గదిలో మాట మారింది. అక్కడ ఇంగ్లీషు తగ్గి తెలుగు పెరిగింది. అడ్మిషన్ ఫీజు, ట్యూషన్ ఫీజు మూడు టర్ములు, బస్సు, యూనిఫాం రెండు జతలు, బుధవారానికి ఇంకో జత, పుస్తకాలు వాళ్ళ దగ్గరే కొనాలి, ‘యాక్టివిటీ కిట్’ ఏంటో అడిగితే అది కూడా యాక్టివిటీయే అన్నారు. మొత్తం లక్షా తొంభై వేలు దాటింది. పేరూ ముద్రా లేని చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చారు. లెటర్‌హెడ్ మీద ఇవ్వమంటే, అడ్మిషన్ అయ్యాక ఇస్తామన్నారు. ఈ రోజే పదివేలు కట్టి సీటు బ్లాక్ చేసుకుంటే అడ్మిషన్ ఫీజులో ఇరవై శాతం తగ్గింపు, రెండే సీట్లు మిగిలాయి.

“సీబీఎస్ఈ అనుబంధం ఉందా?” అన్నాను.

“సీబీఎస్ఈ కరిక్యులమ్ మేడమ్.”

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. కరిక్యులమ్ ఎవరైనా పెట్టుకోవచ్చు, పుస్తకాలు బజార్లో దొరుకుతాయి. అనుబంధం బోర్డు ఇవ్వాలి. అది లేని బడి పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఇంకో బడి పేరు మీద పరీక్ష రాయాల్సి వస్తుంది. బోర్డు వెబ్‌సైట్‌లో బడి పేరు కొట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అలాగే గుర్తింపు ఉన్న ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణలో అయితే 36తో, ఆంధ్రలో అయితే 28తో మొదలవుతుంది. కోడ్ అడిగితే కౌన్సెలర్ లోపలికి వెళ్ళి, వచ్చి, “అకౌంటెంట్ సార్ సోమవారం వస్తారు మేడమ్” అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెకీ టార్గెట్ ఉండే ఉంటుంది.

బయటికి వస్తే గ్రౌండు. ఫ్లెక్సీలో పచ్చగా ఉన్నదే. అందులో పసుపు బస్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బస్సులు పిల్లల్ని దింపాక ఇక్కడే ఉంటాయా, మరి పిల్లలు ఎక్కడ ఆడతారు అని డ్రైవర్‌ని అడిగాను. “బస్సులు తీస్తరమ్మా, స్పోర్ట్స్ డే నాడు” అన్నాడు.

ఇలాంటి బళ్ళు చూసి వచ్చిన రాత్రి ‘రైలుబడి’ గుర్తుకు రాని తెలుగు తల్లి ఉండదేమో. తెత్సుకో కురొయనాగి రాసిన ఆ జపాన్ పుస్తకంలో, అప్పటికే ఒక బడి నుంచి పంపించేసిన పిల్లని వాళ్ళమ్మ కొత్త బడికి తీసుకెళ్తుంది. హెడ్మాస్టరు కొబయాషి అమ్మని ఇంటికి పంపేసి, పిల్ల ఎదురుగా కూర్చుని, నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు అంటాడు. నాలుగు గంటలు వింటాడు. అది కథ కాదు, జరిగింది. ఆ బడి 1945లో టోక్యో మీద పడిన బాంబులకు కాలిపోయింది. మన దగ్గర ఇప్పుడు అలాంటి హెడ్మాస్టరు దొరికితే బ్రోషర్లో ‘ఫోర్ అవర్ లిజనింగ్ ప్రోగ్రామ్’ అని వేసి, దానికి వేరే టర్ము ఫీజు పెడతారు. ఆ ఫీజు కట్టేవాళ్ళలో మొదట నేనే ఉంటాను, చిన్నప్పుడు నన్ను ఎవరూ అంతసేపు వినలేదు కాబట్టి.

చివరికి సంగతి తేల్చింది స్విమ్మింగ్ పూలూ కాదు, ల్యాబూ కాదు, బస్సు. పికప్ 6.50కి అన్నారు. మియాపూర్ అంతా తిరిగి ఎనిమిదిన్నరకు బడికి చేరుతుంది. అంటే పాప అయిదున్నరకు లేవాలి. 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచీ బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. మా పాపకు రెండు కిలోలన్నమాట. నిద్రకళ్ళ బరువుకి మాత్రం ఏ విధానం లేదు. పోనూ రానూ కలిపితే రోజుకు మూడు గంటలకు పైనే రోడ్డు మీద. ఆ మూడు గంటల్లో నేను ఈత నేర్చుకోవచ్చు.

ఆ తర్వాత ఇంటికి నడిచివెళ్ళే దూరంలో ఉన్న బడి చూశాను. స్టేట్ సిలబస్, రెండంతస్తులు, చిన్న గ్రౌండు. హెడ్మిస్ట్రెస్ గుంటూరు వైపు మనిషి, పాతికేళ్ళుగా అక్కడే ఉన్నారు. యూడైస్ కోడ్ అడిగితే వెనక బోర్డు మీద ఉంది చూడండి అన్నారు. స్విమ్మింగ్ పూల్ లేదమ్మా, వర్షాకాలం ఈ గ్రౌండే పూల్ అవుతుంది అని కూడా ఆవిడే చెప్పారు. బాత్రూము గడియలు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయి. క్లాసుకి ముప్పై ఎనిమిది మంది, అది దాచలేదు. లెక్కల టీచరు పోయినేడాది మానేసింది, ఇంకా దొరకలేదు, అదీ దాచలేదు. ఫీజు అరవై రెండు వేలు, అచ్చు వేసిన కాగితం మీద. అది కూడా మా నాన్న నన్ను డిగ్రీ చదివించిన మొత్తం కన్నా ఎక్కువే అనుకోండి.

రాత్రి మా ఆయనకి అంతా చెప్పాను. గడియల ఎత్తు, ఆయమ్మ మాట, బస్సు టైము, అచ్చు కాగితం. ఓపిగ్గా విన్నాడు. ఎంసెట్ కోసం విజయవాడ హాస్టల్లో రెండేళ్ళు లాంగ్‌టర్మ్ చేసి సీటు రాక బీఎస్సీలో చేరిన మనిషి.

“అంతా బాగానే ఉంది గానీ,” అన్నాడు, “ఐఐటీ ఫౌండేషన్ ఏ క్లాసు నుంచట?”

“ఆరు నుంచి.”

“హమ్మయ్య” అని అటు తిరిగి పడుకున్నాడు.